మా ఆయన పోయిన పావుగంట

నేనెప్పుడూ ఏదీ రాయలేదు. ఐదో క్లాసు చదువు నాది. నలుగురిలో నోరు విప్పాలంటే సిగ్గు. అందుకే ఈ సంగతి చెప్పకుండా రాస్తన్నాను. మొన్న మంగళవారం పొద్దున్న నా మూలంగా మా ఆయన పావుగంటసేపు పోయినారు. ఎక్కడికో కాదండి, పైకే!

నాకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మేముండేది బెంగాలీవోళ్ల ఊళ్లో, రైల్వే క్వార్టర్లలో. అక్కడి డాక్టరుబాబు, బెంగాలీ ఆయన, చూసి అన్నాడు: "దీదీ, రోజూ తెల్లారి అరగంట పరిగెట్టాలి. ఆస్తే ఆస్తే, మెల్లమెల్లగా! పరిగెడతా కబుర్లు చెప్పగలగాలి. మాట ఆగిపోయిందంటే జోరు ఎక్కువైనట్టు."

నలభై రెండేళ్లదాన్ని, ముగ్గురు పిల్లల తల్లిని, చీర ఎత్తికట్టి పరుగా! ఎవరి కంటా పడకపోతే చాలు దేముడా అనుకున్నాను. రైల్వే వర్క్‌షాపులో మా ఆయనకి నైట్ డ్యూటీ పడ్డ వారం చూసుకుని, చీకటుండగానే బయలుదేరినాను.

మొదట బాగానే ఉన్నాది. ఊరి చివర తాల్‌బగీచా పేట వైపు మెల్లగా, పెళ్లి పల్లకీలాగ పోయినాను. కబుర్లకి మనిషి లేరు కదా, ఇంట్లో అయిపోయిన సరుకులు పైకి చెప్పుకున్నాను. "కందిపప్పు, చింతపండు, నీలిమందు..." ఆయాసమే లేదు! ఇంతేనా పరుగంటే అని గర్వం వచ్చినాది. ఆ గర్వంలో చాలా దూరం పోయినాను.

తిరిగొస్తంటే వర్క్‌షాపు సైరను కూసినాది. ఇంకో ఇరవై నిమిషాల్లో డ్యూటీ దిగిన మగాళ్లంతా గేటులోంచి రోడ్డు మీద పడతారు. మా క్వార్టర్లకి దారి ఆ గేటు ముందునుంచే. వాళ్లు రాకముందే దాటిపోవాలి! కుచ్చిళ్లు దోపి, చెప్పులు చేత్తో పట్టుకుని లగెత్తినాను. సరుకుల లెక్క ఎక్కడ ఆగిపోయినాదో నాకే తెలీదు.

కుళాయి దగ్గర బిందెలతో ఆడోళ్లు. మా పక్కింటి సూరమ్మ వదిన చూసేసినాది.

"ఏటైనాది వదినా?"

ఊపిరాడితే కదా చెప్పడానికి! "హా... హా..." అని, ఇంటికి పోతన్నానని చెయ్యి ముందుకి చూపించినాను. ముందున్నది గేటు.

రైల్వే ఊళ్లో ఆడది తెల్లారి, చెప్పుల్లేకుండా, గేటు వైపు పరిగెడితే దానికి అర్థం ఒక్కటే. "ఓలమ్మో! అన్నయ్యకేటో అయిపోనాది!" అని సూరమ్మ బిందె పడేసి నా వెనకాలే. ఆవిడ వెనక మిగతావాళ్లు. వాళ్ల మగాళ్లూ నైట్ డ్యూటీయే మరి. తిరిగి చూస్తే ఇరవైమంది! అప్పుడైనా ఆగినానా? ఇంతమంది ఏడుస్తా వస్తన్నారంటే నిజంగానే మా ఆయనకి ఏటో అయినాదనుకుని, ఇంకా జోరు పెంచినాను!

గేటు దగ్గర కూలబడిపోయినాను. గేటు కాపలా దర్వాను ఏమైంది ఏమైందని బెంగాలీలో "కీ హోలో, కీ హోలో?" అంటాడు. నేనింకా రొప్పుతానే ఉన్నాను. సూరమ్మే చెప్పినాది, మిషన్లో చెయ్యి పోయినాదని. వెనకావిడ రెండు చేతులన్నాది. "దేముడులాంటి మనిషి!" అని ఇంకొకావిడ రాగం తీసినాది. బీడీ ముక్కలు తన వాకిట్లో పారేస్తన్నారని ఆదివారమే ఆయన్ని దుమ్మెత్తిపోసినావిడ ఈవిడే. బతికుండగా రాని మంచిపేరు పావుగంటలో వచ్చేసినాది.

ఇంతలో గేటులోంచి మా ఆయన, చేతిలో టిఫిన్ డబ్బాతో. ఏడుపులు చూసి కంగారుగా, "ఎవరు పోయినారు?" అన్నారు.

"నువ్వే అన్నయ్యా!" అన్నాది సూరమ్మ, ఏడుపు ఆపకుండా.

అప్పటికి నాకు ఊపిరొచ్చినాది. "డాక్టరు... మెల్లగా... పరిగెట్టమన్నాడు."

ఆయన నన్ను చూసి, నా చేతిలో చెప్పులు చూసి, నా వెనకున్న ఇరవైమందినీ చూసినారు. "మెల్లగా అంటే ఇదేనేటి?"

ఎవరి కంటా పడకూడదనుకున్నదాన్ని, దిగే షిఫ్టూ ఎక్కే షిఫ్టూ రెండూ చూసినాయి.

మర్నాడు ఆయనకి రెస్టు. అయినా లేపి, నాకు పదడుగులు ముందు ఆయన్ని పరిగెత్తించినాను. మొగుడు బతికున్నాడని కళ్లారా కనిపిస్తంటే ఇంకెవరేడుస్తారు? నిజమే, ఎవరూ ఏడవలేదు. సూరమ్మ మాత్రం గుమ్మంలోంచి గొంతెత్తి అరిసినాది:

"అన్నయ్యా, మా తలుపు తీసే ఉన్నాది! దూరిపో, వదినకి దొరక్కు!"