కొబ్బరికాయ కొట్టేసిన డ్రాఫ్టు

ఈమధ్య సమావేశాలకు అద్దెకు తెచ్చే ప్లాస్టిక్ కుర్చీలకు చేతులు ఉండటం లేదు. ఇదొక ఫిర్యాదు చేయదగ్గ విషయంగా ఎవరికీ తోచినట్టు లేదు కాబట్టి నేనే చేస్తున్నాను. ఆ రోజుల్లో, అంటే నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఎంత పేద షామియానా దుకాణంలోనైనా కుర్చీకి రెండు చేతులుండేవి. మోచెయ్యి ఆనించి అరచేతిలో గడ్డం పెట్టుకుంటే దూరం నుంచి చూసేవాళ్ళకు దీర్ఘాలోచనలో ఉన్నట్టు కనపడేది. దగ్గరివాళ్ళు ఎటూ అదే ఆలోచనలో ఉండేవారు కాబట్టి పేచీ లేదు. ఇప్పుడు కునుకు పడితే పక్కాయన భుజం మీద పడాల్సి వస్తోంది, ఆయనేమో నామీద పడాలని అంతకుముందే నిర్ణయించుకుని ఉంటాడు. సమావేశాలంటే నాకు ఒళ్ళు బరువెక్కడానికి ఇదొక కారణం. రెండోది కొంచెం పెద్ద కథ.

సమాజశాస్త్రంలో ఎమ్మే చదివినవాడికి సమాజం ఇచ్చిన మొదటి ఉద్యోగం అది. తిరుపతి శివారులో, రేణిగుంట వైపు, కొత్తగా లేచిన ఒక కాలనీలో రిక్రియేషన్ సెంటరు కట్టాలని పైవాళ్ళు నిర్ణయించారు. (క్లబ్బు అనకూడదని మా సారు ముందే హెచ్చరించాడు. అంటే పేకాట అనుకుంటారట. సెంటరన్నా అదే అనుకున్నారు.) ఎట్లా కట్టాలో కాలనీవాళ్ళనే అడిగి, వాళ్ళ చేతే ప్లాను వేయించాలి. అడిగే పని మా సారుకు అప్పజెప్పారు, ఆయన నాకు అప్పజెప్పాడు. నా కింద ఎవరూ లేకపోవడం వల్ల ఆ పని నా దగ్గరే ఆగిపోయింది. రోజూ పొద్దున పాకాలలో రైలెక్కి తిరుపతి చేరి, సాయంత్రానికి మళ్ళీ ఇల్లు చేరేవాణ్ణి. మొదటి రోజు రాత్రి అన్నం ముందు మా నాయన విచారణ జరిపాడు.

"ఏం ఉద్యోగంరా అది?"

"జనాన్ని అడగడం నాయనా."

"ఏమని?"

"ఏం కావాలని."

"వాళ్ళు చెప్తారా?"

"చెప్తారు. నేను మా సారుకు చెప్తాను."

"ఆయప్ప ఇస్తాడా?"

నేను అన్నంలోకి మజ్జిగ పోసుకున్నాను. మా నాయన సమాజశాస్త్రం చదవలేదు గానీ, దాని చివరి అధ్యాయం ఎక్కడ తేలుతుందో ఆయనకు తెలిసినట్టుంది.

సమావేశాలు బాగానే జరిగేవి, అంటే టీ వచ్చేదాకా. ప్లాను కాగితాన్ని రేకుల షెడ్డు గోడకు అంటించి, "ఇది హాలు, ఇది చదువుకునే గది" అని స్కేలుతో చూపిస్తుంటే అందరూ దాన్ని క్యాలెండరులో దేవుడి బొమ్మను చూసినట్టు చూసి "బాగుండాది సార్" అనేవారు. బాగుండటం కాదు, ఏం కావాలో చెప్పండి అంటే కుర్రవాళ్ళు జిమ్ము కావాలన్నారు. భజన బృందం మైకు పెట్టుకునే వేదిక కావాలంది, జిమ్ము దానికి దూరంగా ఉండాలంది. మిగతా వాళ్ళంతా కల్యాణమండపం కావాలన్నారు. (మా వైపు ఏ భవనం తలపెట్టినా అది మధ్యదారిలో ఎక్కడో కల్యాణమండపం కావాలని కోరుకుంటుంది. దాని తప్పు కాదు, గాలి అట్లాంటిది.) కరెంటాఫీసులో రిటైరై వాస్తులో చేరిన ఒక పెద్దాయన మాత్రం ఏది కట్టినా పరవాలేదు, ఈశాన్యంలో బరువు పెట్టొద్దన్నాడు. ప్రతి సమావేశంలోనూ లేచి అదే అనేవాడు. ఆయనను నేను మనసులో ఈశాన్యం మామ అని పిలుచుకునేవాణ్ణి.

కాగితం దగ్గరికొచ్చి, కళ్ళజోడు పైకి తోసుకుని, వేలు పెట్టి చూసిన మనిషి ఒక్కతే ఉంది. కాలనీలో మిషను కుట్టే ఆవిడ. బళ్ళో చదివే రోజుల్లో రింగు ఆటలో జిల్లా తరఫున ఆడిందట. ఆ రబ్బరు రింగును ఇప్పటికీ మిషను సొరుగులో, దారపు ఉండల మధ్య దాచుకుని ఉండేది. కాలనీలో అందరికీ ఆవిడ రింగక్క.

"తమ్ముడా, ఈ గీతల్లో గోడ ఏది?"

"ఏ గోడక్కా?"

"మా గోడ. మేం పదిమంది ఆడోళ్ళం ఉండాము, పొద్దన్నే లేసి రింగాడుకోవాలని. ఒకరికి షుగరు, ఒకరికి మోకాళ్ళు, నాకు ఆశ. ఆడేదానికి ఉండే జాగా అంతా ఆ టీకొట్టు ముందర. నలభై ఏండ్లోళ్ళు చీర దోపుకోని ఎగరతా ఉంటే టీకొట్టోనికి బేరం పెరగతాది గానీ, మాకేమొస్తాది? వెనకపక్క, మనిషెత్తు గోడ కట్టి, లోపల కోర్టు గీసియ్యి. ఇంకేమీ వద్దు మాకు. జిమ్ము వాళ్ళనే తీసుకోమను, మండపం వాళ్ళనే తీసుకోమను."

అన్ని సమావేశాల్లోనూ నాకు అర్థమైన కోరిక అదొక్కటే. "వెనకపక్కనే అక్కా. గోడతోనే. పూచీ నాది," అన్నాను. ఇరవై నాలుగేళ్ళ వయసులో పూచీ అనే మాట చాలా తేలిగ్గా నోట్లోకొస్తుంది.

కాగితం మీది గీతలు జనానికి ఎక్కడం లేదు కాబట్టి ప్లానును నేలమీదే, అసలు కొలతల్లో, ముగ్గుపిండితో గీసేస్తే సరిపోతుందని నాకు తోచింది. జనం వచ్చి హాల్లో నడుస్తారు, గదిలో నిలబడతారు, ఇక్కడ ఇరుకుగా ఉంది, అది అటు జరపండి అంటారు, మేం చెరిపి మళ్ళీ గీస్తాం. ఇంతకు మించిన ప్రజాస్వామ్యం ఇంకెక్కడుంటుంది? మా సారు ఈ ఆలోచన విని నా భుజం తట్టాడు. (తర్వాత పైవాళ్ళతో మాట్లాడుతూ అది తన ఆలోచనగా చెప్పాడు. ఆ తర్వాత జరిగింది తలచుకుంటే నాకు దానిమీద ఏ అభ్యంతరమూ లేదు.)

ఒక ఆదివారం పొద్దున్నే బస్తాల కొద్దీ ముగ్గుపిండి దింపుకుని, తాడూ మేకులూ పట్టుకుని పనిలో దిగాను. హాలు తూర్పు గీత గీస్తుంటే మధ్యలో ఒక గేదె పడుకుని ఉంది. అదిలించాను, బతిమాలాను. అది తోక ఒకసారి ఆడించి నెమరు వేసుకుంది. ఆ కాలనీలో నేనడిగిన ప్రశ్నకు అంత స్పష్టంగా జవాబిచ్చిన ప్రాణి వేరే లేదు. సరేలే, చెరిపేదే కదా అని గీతను దాని చుట్టూ వంపు తిప్పి పోనిచ్చాను. వెనకపక్కకి వెళితే అక్కడ రోడ్డు కాంట్రాక్టరు పోసిన కంకర గుట్ట, దాని పక్కన కంపచెట్లు. కోర్టు గీయడానికి అడుగు జాగా లేదు. కొలత ఎంతో జనానికి తెలిస్తే చాలు, చోటు నోటితో చెప్పొచ్చు అనుకుని రింగు కోర్టును తాత్కాలికంగా ముందువైపు, టీకొట్టుకు ఎదురుగా గీశాను. చూపించడానికే కదా. సమావేశం మధ్యాహ్నం మూడింటికి. ఎండ నెత్తికెక్కింది, చేతులు తెల్లగా అయ్యాయి, నేను భోజనానికి బస్టాండు వైపు వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి జనం అప్పటికే ఉన్నారు. సమయానికి ముందే జనం రావడం చూసి నాకు ఒక్క క్షణం కళ్ళు చెమర్చాయి. తర్వాత అగరొత్తుల వాసన తగిలింది. నాలుగు మూలలా పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు. ఈశాన్యం మూల పగలగొట్టిన కొబ్బరికాయ, దాని పక్కన కొత్త పంచెలో ఈశాన్యం మామ, ఆయన పక్కన దక్షిణ అందుకుంటున్న పూజారి. వార్డు నాయకుడొకాయన మెడలో దండతో నాకు నమస్కారం పెట్టాడు.

"ఏం మామా ఇది?" అన్నాను.

"నువ్వు చెప్పకుండా పోతివి గానీ, మేం చూసుకోకుండా ఉంటామా అబ్బయ్యా? పొద్దున నేను వాకింగు పోతా దూరం నుంచి సూస్తే నువ్వు ముగ్గు పోస్తా ఉండావు. రేపట్నించీ మూఢం. ఈ పొద్దు పూజ పడకపోతే మళ్ళా ఎన్ని నెలలకో! పూజారిని పాకాల బస్సు ఎక్కతా ఉంటే దింపుకోనొచ్చినాను."

అప్పుడు అర్థమైంది. మా ప్రాంతంలో ఖాళీ స్థలంలో కొలతలేసి ముగ్గు పోశారంటే ఇక పునాది తవ్వడమే తరువాయి. ముగ్గు పోసి అభిప్రాయం అడగడమంటే తాళి కట్టి పెళ్ళిచూపులకు పిలవడం లాంటిది. ఈ సంగతి నాకూ తెలుసు. మా ఇంటికి ముగ్గు పోసిన రోజు బెల్లం పంచింది నేనే. చదువు ఆ మేరకు మరిపించింది.

"మామా, ఇది డ్రాఫ్టు. మార్చుకునేదానికే గీసినాం," అన్నాను.

"డ్రాఫ్టో గీఫ్టో, కొబ్బరికాయ కొట్టేసినాం."

"ఆ తూర్పు గీత చూడు మామా, వంకర పోయింది. ఆడ ఎనుము పడుకోనుంటే చుట్టూ గీసినాను."

"ఎనుము పడుకున్నె జాగా లక్ష్మీస్థానమప్పా! పూజారి కూడా అదే చెప్పినాడు."

పూజారి తలూపాడు. దక్షిణ అందాక ఆయన దేనికైనా ఊపేలా ఉన్నాడు. నేను చెప్పుతో కోర్టు గీతను కొంచెం చెరపబోయాను. జనంలోంచి "అయ్యయ్యో" అని ఒక పెద్ద కేక లేచింది. "పూజ చేసిన ముగ్గును కాలితో తుడస్తావా? సదువుకున్నోడివేనా నువ్వు?" అని ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టి ఇవతలికి లాగింది. అభిప్రాయాల కోసం మూడు నెలలుగా తిరుగుతున్న నాకు, ఒక్కసారి అంతమంది ఏకాభిప్రాయం దొరికింది.

రింగక్క కోర్టు గీత బయట నిలబడి ఉంది. టీకొట్టు వైపు చూసింది, గీత వైపు చూసింది. నావైపు మాత్రం చూడలేదు. "అక్కా, సారుతో మాట్లాడతాను, మార్పిస్తాను," అన్నాను. "సరేలే తమ్ముడా," అంది, మా నాయన గొంతుతో.

సారు అప్పటికే ఫోటోలు చూసేశాడు. దండలూ కొబ్బరికాయలూ కాలనీ వాట్సాప్ గ్రూపు దాటి ఆయన దగ్గరికి చేరాయి. ఇంత గొప్ప ప్రజాభాగస్వామ్యం తన సర్వీసులో చూడలేదన్నాడు. కోర్టు వెనక్కి జరపాలి సార్, ఆడవాళ్ళకు మాట ఇచ్చాం అంటే ఆయన ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "ప్రజలు పూజ చేసి మరీ ఆమోదించారయ్యా. ఇప్పుడు మనం మారిస్తే అది నియంతృత్వం కాదా?" అన్నాడు. నేను రెండుసార్లు అడిగాను. రెండోసారి ఆయన ఆ ప్రశ్ననే కొంచెం మెల్లగా అడిగాడు.

కట్టారు. ఆ గీతల మీదే, గేదె వంపుతో సహా. ఆ వంపు మీద గోడ లేపడానికి మేస్త్రీ పడ్డ కష్టం ఇంతా అంతా కాదట. ఇప్పుడు బయటినుంచి వచ్చిన వాళ్ళు అది ఏదో విదేశీ డిజైను అనుకుని దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. కోర్టు టీకొట్టుకు ఎదురుగా ఉంది. గోడ లేదు. ముందువైపు గోడ కడితే భవనం కనపడదన్నారు. ఆడవాళ్ళు మొదట్లో మగవాళ్ళు లేవకముందే వచ్చి కొన్నాళ్ళు ఆడారట. టీకొట్టాయన స్వతహాగా మంచివాడు. పాపం ఆటయ్యాక టీ దొరక్క ఇబ్బంది పడతారని తనూ చీకటితోనే కొట్టు తెరిచాడు. కొట్టు తెరిచాక జనం రాకుండా ఎట్లా ఉంటారు? ఆ తర్వాత కోర్టులో మోటారుసైకిళ్ళు పెట్టుకోవడం మొదలైంది.

నేను ఆ ఉద్యోగం మాని, చిత్తూరులో ఒక ఆఫీసులో చేరి, జుట్టు అక్కడక్కడా నెరిసి, ఇట్లాంటివే మరికొన్ని పనులు అలవాటైన మనిషినయ్యాను. మొన్న ఆ సెంటరు విస్తరణకు స్థానికుల అభిప్రాయాలు సేకరించమని పంపింది కూడా నన్నే. అనుభవజ్ఞుణ్ణి కదా. మోటారుసైకిళ్ళ మధ్యలోంచి దారి చేసుకుని, ఒక చోట కాసేపు నిలబడ్డాను. చేతులనిండా ముగ్గుపిండితో, ఎండలో, తాడు పట్టుకుని తిరుగుతున్న ఆ ఇరవై నాలుగేళ్ళవాడు నాకు కనిపించాడు. ఎంత శ్రద్ధగా గీశాడో వెధవ. నవ్వొచ్చింది. వాడిమీద కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఇప్పుడు లేదు.

రింగక్క ఇంటి వరండాలో మిషను ముందే ఉంది. కళ్ళజోడు అద్దాలు మందమయ్యాయి. నన్ను గుర్తుపట్టి, స్టూలు మీది గుడ్డలు తీసి కూర్చోమంది. కుశలప్రశ్నలయ్యాయి. నేను గొంతు సవరించుకుని, ఉద్యోగధర్మంగా మొదలుపెట్టాను.

"అక్కా, సెంటరు పెంచాలనుకుంటా ఉండారు. దీంట్లో మీ అభిప్రాయం..."

ఆవిడ మిషను ఆపింది. దారం పళ్ళతో కొరికింది.

"ఈసారి మమ్మల్ని ఏమీ అడగొద్దు తమ్ముడా. గోడ కట్టేసి పో."