ఆయన అక్కడ చెప్పిన మాటలు

మొన్న ఆదివారం పక్కింటి కొత్త కోడలు కరివేపాకు కోసం వచ్చి, కాసేపు టీవీ తగ్గిస్తారా అత్తయ్యగారూ, మావారికి ఫోన్లో మీటింగుంది, తాగుడు మానేసినవాళ్ళంతా మాట్లాడుకుంటారు అని, మొగుడికి జలుబు చేసిందన్నంత తేలిగ్గా చెప్పింది. టీవీ పూర్తిగా ఆపేశాను. ఆ మాట పైకి అనడానికి మన కాలంలో ఎంత గుండెధైర్యం కావలసి వచ్చేదో మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది.

మాది రాజోలు దగ్గర పల్లె. నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని, మావారిది కొబ్బరికాయల వ్యాపారం, పిల్లలు లేరు. ఎవరింట కష్టమొచ్చినా ముందుండే మనిషి, నలుగురిలో గొంతు పెంచి మాట్లాడని మనిషి. సాయంత్రమయ్యేసరికి మాత్రం ఆ మనిషి మా ఇంట్లో ఉండేవారు కాదు. మద్యనిషేధం పెట్టినప్పుడు మన ఆడవాళ్ళమంతా ఎంత సంబరపడ్డామో గుర్తుందా? గోదావరి దాటితే నిషేధం లేని యానాం ఉందన్న సంగతి మనకంటే ముందు మన మొగుళ్ళకే గుర్తొచ్చింది. బేరాలకి వచ్చినవాళ్ళతో ఆయనకి పైత్యం చేసిందని, పెళ్ళిపిలుపులకి వచ్చినవాళ్ళతో నాకు సెలవు దొరకదని చెప్పి చెప్పి, చివరికి మా అమ్మకీ చెల్లెలికీ కూడా అవే మాటలు చెప్పడం అలవాటైపోయింది. అబద్ధమాడినకొద్దీ మా గుమ్మం తొక్కేవాళ్ళు తగ్గిపోయేరు.

ఆయనకి కామెర్లు వస్తే చూసిన అమలాపురం డాక్టరుగారు నన్ను విడిగా పిలిచి, ఆదివారం మధ్యాహ్నాలు ఫలానా వీధిలో ఒక బడి గదిలో తాగుడు మానేసినవాళ్ళు కలుసుకుంటారనీ, ఆయన్ని పంపమనీ చెప్పేరు. ఆ సంగతెత్తితే మావారు, ఊళ్ళో నా పరువు తీస్తావా అని గోడవైపు తిరిగి పడుకున్నారు. నేనొక్కదాన్నే బస్సెక్కాను.

వీధయితే దొరికింది గాని గది దొరకలేదు. బోర్డు లేదు. తాగుడు మానేసినవాళ్ళు ఎక్కడ కూర్చుంటారండీ అని నడివీధిలో ఒక ఆడది ఎవర్ని అడుగుతుంది? చెప్పులు కొనేదానిలా ఒక కొట్టు ముందు, అరటిపళ్ళు బేరమాడేదానిలా ఒక బండి ముందు నిలబడుతూ అటూ ఇటూ తిరిగి, ఇక వెనక్కి పోదామనుకుంటుండగా, బడి అరుగు మీద గ్లాసులు కడుగుతున్న ఒక పెద్దాయన నన్ను చూసి పలకరించేరు.

"ఎవరికోసమండీ?"

"మావారికోసమండీ."

"ఆయన వచ్చేరా?"

"రానన్నారండీ."

"ఆయ్, మొదట ఎవరూ రారండీ. మీరొచ్చేరుగా, లోపల కూర్చుని టీ తాగండి."

ఆ పెద్దాయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవారు. అక్కడ అందరూ బాబాయిగారనేవారు. గదిలో పిల్లల బల్లల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నవాళ్ళంతా మగవాళ్ళే. ఒకరి తరవాత ఒకరు లేచి తమ సంగతి చెప్పుకుంటున్నారు. అందులో ఒకాయన, తాను తాగొచ్చేసరికి భార్య నిద్రపోతున్నట్టు నటించేదనీ, నటిస్తోందని తనకి తెలిసేదనీ, అలా తెలియడం భరించలేకే మర్నాడు మరింత తాగేవాణ్ణనీ చెప్పేరు. లోకంలో ఆ నటన నేనొక్కదాన్నే చేస్తున్నాననుకునేదాన్ని. పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేను. ఎవరూ ఊరుకోమనలేదు, ఎందుకని అడగలేదు.

ఆ తరవాత ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. ఆయన కోసమే అనుకున్నా, నిజానికి అబద్ధమాడక్కర్లేని చోటు నాకు అదొక్కటే. ఒకసారి బాబాయిగారు, ఆయన తరఫున జవాబులు చెప్పడం మానెయ్యండమ్మా, ఆయన జవాబు ఆయన్నే చెప్పుకోనివ్వండి అన్నారు. ఆ వారంలోనే రాజమండ్రి వ్యాపారి ఒకాయన వస్తే, తాగి పడుకున్నారండీ అని గుమ్మంలో నిలబడి చెప్పేశాను. మావారు లోపల్నించి విన్నారు. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. తరవాత ఒక ఆదివారం ఉతికిన చొక్కా తొడుక్కుని నా వెనకే వచ్చి అదే బస్సెక్కి, నా పక్కన కాకుండా ఎక్కడో ముందు సీట్లో కూర్చున్నారు.

తాగుడు మానేసేరు. మధ్యలో ఒకసారి మళ్ళీ జారినా, మొత్తానికి నిలబడ్డారు. అయితే కొన్నాళ్ళకి ఒకరోజు భోజనం చేస్తూ, కంచంలోంచి తలెత్తకుండా, "నువ్వుంటే అక్కడ నోరు విప్పలేకపోతున్నాను. ఇకనించి ఒక్కణ్ణే వెళ్తాను" అన్నారు. సరేనండీ అన్నాను. ఇంకేమంటాను, ఆయన బాగుపడాలనే గదా ఆ గది వెతుక్కుంటూ వెళ్ళింది. అప్పట్నించి ఆదివారాలు ఆయన్ని బస్సెక్కించి వచ్చి, వాకిట్లో కొబ్బరాకులు ముందేసుకుని చీపురుకి ఈనెలు తీస్తూ కూర్చునేదాన్ని. ఆయన తేలికపడిన మొహంతో తిరిగొచ్చేవారు. ఏం మాట్లాడుకున్నారని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. తాగుడు పోయిన ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. మంచిగానే ఉండేవాళ్ళం, కూరలో ఉప్పు గురించీ, కాయ ధర గురించీ మాట్లాడుకునేవాళ్ళం. మనసు మాత్రం ఆయన ఆ గదిలోనే విప్పి, అక్కడే మడిచిపెట్టి వచ్చేవారు.

కొన్నేళ్ళకి ఆయన పోయిన రోజున ఆ గదివాళ్ళందరూ అమలాపురం నించి వచ్చి మా అరుగు మీద వరసగా కూర్చున్నారు. ఎవరమ్మా వీళ్ళని బంధువులడిగితే, స్నేహితులన్నాను. వెళ్ళేముందు బాబాయిగారు నా దగ్గరికొచ్చి, "మీ గురించి చాలా చెప్పేవారమ్మా" అన్నారు. ఏం చెప్పేవారని నోటిదాకా వచ్చింది. గదిలో మాట గది దాటకూడదన్నది వాళ్ళ కట్టుబాటు. ఒకప్పుడు నా మాటనీ, నా కన్నీళ్ళనీ కాచింది కూడా ఆ కట్టుబాటే గదా అని ఊరుకున్నాను.

ఇప్పుడా బడి లేదు, ఆ స్థలంలో బట్టల కొట్టు వచ్చింది. బాబాయిగారూ లేరు. ఈ కాలం పిల్లలు దాచుకోకుండా అన్నీ పైకి అనేస్తున్నారు, మంచిదే. మాకా తేలికదనం ఉండుంటే మా ఇద్దరి మధ్యా ఇంకొన్ని మాటలు నడిచేవేమో. ఆయన నా గురించి ఏం చెప్పేవారో అడగడానికి నాకిప్పుడు ఏ మొహమాటమూ లేదు. చెప్పేవాళ్ళే మిగల్లేదు.