ఆపినవాళ్ల అన్నం

తెలంగాణ ఉద్యమం రోజులవి. మరిపెడ దగ్గర మా బస్సు ఆపేశారు. నిరసనగా నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. గుంటూరు యాస బయటపడుతుందని నేను పొద్దుటి నుంచీ నోరు విప్పలేదు. చివరికి దాహానికి ఆగలేక, "మంచినీళ్లిస్తారాండీ" అన్నాను. పంక్తిలో తలలన్నీ నావైపు తిరిగాయి.

వడ్డిస్తున్న లంబాడా అక్క నీళ్లిచ్చి, విస్తరి కూడా వేసింది.

"ఏ ఊరన్న నీది?"

"గుంటూరు."

"కూసో. బస్సు ఆపింది మేమే గద. ఆపినోళ్లం అన్నం పెట్టకుంటె ఎట్ల?"

పక్కాయన జరిగి చోటిచ్చాడు. అంతలో ఆంధ్ర పాలకుల మీద నినాదం లేచింది. అందరికంటే గట్టిగా ఆమే అందుకుంది. ఆ గొంతు తగ్గలేదు, నా విస్తరిలో పప్పు పోస్తున్న చెయ్యీ ఆగలేదు.