మూడు గ్లాసుల ఒప్పందం

2017 అక్టోబరులో, పత్తి తీతలు అందుకున్న రోజుల్లో, నన్ను గుంటూరులోని ఒక మద్యవిముక్తి కేంద్రంలో వార్డు పని నుంచి గృహసందర్శనలకు మార్చారు. హోదా పెరగలేదు, బస్సు ప్రయాణాలు పెరిగాయి. మా కేంద్రంలో పైన సైకియాట్రిస్టు, ఆవిడ కింద వార్డు సిస్టరు, ఆ తర్వాత కౌన్సిలర్లు. మందు రాసే చెయ్యి డాక్టరుగారిది, సూది వేసే చెయ్యి సిస్టరుది. రోగితో బేరమాడే నోరు నాది.

బేరం అనే మాట ఊరికే వాడలేదు. మాది పర్చూరులో కిరాణా కొట్టు. బాబాయిలకూ మేనమామలకూ కూడా కొట్లే. ఎక్కాలు రాకముందే నన్ను కాటా పక్కన కూర్చోబెట్టారు. రోజుకు పది పెగ్గుల మనిషిని ఎనిమిదికి దించి, అక్కడ వారం ఆగి, ఆరుకు తీసుకురావడం నాకు కాలేజీ నేర్పిన విద్య కాదు. వార్డులో నన్ను బేరాల మాస్టారు అనేవాళ్ళు. ఆ పేరుకు మురిసిపోయేవాణ్ణి. గోంగూర కట్ట దగ్గర కూడా గీచిగీచి బేరమాడి గెలిచి, ఇంటికొచ్చాక అది ముదురు గోంగూరని భార్య చేత చెప్పించుకునే రకం నేను.

కొత్త పనిలో మొదటి కేసు చిలకలూరిపేటలో వచ్చింది. పేరు దేవదానం గారు, వయసు యాభై దాటింది, ఉద్యోగం కాటన్ క్లాసరు. అంటే జిన్నింగు మిల్లులో దూదిని చూసి దాని తరగతి నిర్ణయించే మనిషి. చిటికెడు దూది తీసి రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య లాగి, పోచలన్నీ ఒక దారికి తెచ్చి, పింజ పొడవు ఎన్ని మిల్లీమీటర్లో చెప్పాలి. ఆయన చెప్పిన మాట మీద బేళ్ళు లారీ ఎక్కేవి. మిషను పెట్టి పరీక్షించినా ఆయన మాటే నిలబడేదని మిల్లువాళ్ళు చెప్పుకునేవారు. ఆ వేళ్ళు ఇప్పుడు వణుకుతున్నాయి. పొద్దున్నే ఒక గ్లాసు పడితే గానీ పింజ నిలవడం లేదు. మా దగ్గరకు వచ్చి చెప్పింది ఆయన భార్య సుగుణ గారు, హైస్కూల్లో లెక్కల టీచరు.

నేను వెళ్ళేసరికి ఆయన ఇస్త్రీ చొక్కాలో కూర్చుని ఉన్నారు. మొదటి మాటే ఎదురు తగిలింది.

“తాగుబోతుని చూడ్డానికి వచ్చారా మాస్టారూ? వాడు వైన్ షాపు ముందు ఉంటాడు, అటు వెళ్ళండి. నేను తాగను, కలుపుకుంటాను.”

“ఎలా కలుపుతారో చూపించండి,” అన్నాను. ఇది మా పద్ధతిలో భాగం. రోగి తాగే తీరు కళ్ళారా చూడమంటారు.

ఆయన సంబరంగా లేచారు. ఎప్పుడో దూది కొనడానికి వచ్చిన ఒక విదేశీ వ్యాపారి ఆయనకు మార్టీని అనే కాక్‌టెయిల్ కలపడం నేర్పి, పొడుగాటి కాడ మీద గరాటులా విచ్చుకున్న చిన్న గ్లాసు బహుమతిగా ఇచ్చి వెళ్ళాడట. గ్లాసు ముందుగానే ఫ్రిజ్‌లో చల్లబడి ఉంది. గాజు జగ్గులో ఐసు వేశారు. ఐదు వంతుల జిన్, ఒక వంతు వెర్మూత్. ద్రాక్ష వైన్‌లో చేదు మూలికలు నానేసి తీసేదే వెర్మూత్, జిన్‌లో సగం ఘాటు కూడా ఉండదు. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టకపోతే పాడవుతుందని నాకు జాగ్రత్త చెప్పారు, నేనేదో కొనబోతున్నట్టు. జగ్గును కుదపలేదు, పొడుగు చెంచాతో నెమ్మదిగా తిప్పారు. ఐసు పడకుండా గ్లాసు నిండా వంచి, ఆలివ్ కాయ బదులు సుగుణ గారు ఊరేసిన ఉప్పు ఉసిరికాయ ఒకటి వేశారు. కలుపుతున్నంతసేపూ గాజుకు చెంచా తగులుతున్న చిన్న చప్పుడు ఆగలేదు. అది తిప్పడం వల్ల వస్తున్న చప్పుడు కాదు.

రోజుకు మూడు. తెల్లవారి ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి.

రోజూ ఇంత తాగే శరీరానికి ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో చెమటలు, ఫిట్లు, మతి తప్పడం రావచ్చు. దీన్ని మేం విత్‌డ్రాయల్ అంటాం. మనిషి పోవచ్చు కూడా. అందుకని ఆస్పత్రిలో చేర్చి, మందుల అండతో మాన్పించడం సరైన దారి. అదే చెప్పాను.

“సీజన్‌లో క్లాసరు మంచం ఎక్కితే, సీజన్ అయ్యాక మంచమే మిగులుద్దండీ,” అన్నారు. “ఇంకో క్లాసర్ని తెస్తారు. ఆ తర్వాత నన్నెవడు పిలుస్తాడు?”

సుగుణ గారు వంటింటి గుమ్మంలోంచి అన్నారు. “పిలవకపోతే పోనివ్వండి. మనిషి ఉంటే చాలు.”

“నువ్వూరుకో టీచరమ్మా. చెయ్యి లేని క్లాసరు మనిషేంటి?”

ఇక మిగిలింది ఇంటి దగ్గరే మెల్లగా తగ్గించడం. డాక్టరుగారు ఇష్టం లేకుండానే ఒప్పుకున్నారు. రెండో దారి రెండో దారేనని, తన లెక్కంతా నేను తెచ్చే అంకెల మీద నడుస్తుందని హెచ్చరించారు. విటమిన్ ఇంజెక్షన్లు రాశారు.

మళ్ళీ వెళ్ళి బేరం మొదలుపెట్టాను. గ్లాసుల సంఖ్య తగ్గిస్తానంటే ఆయన వినలేదు, మూడూ ఉండాల్సిందే. అయితే కలిపే వంతులు మార్చుకుందాం, జిన్ తగ్గించి వెర్మూత్ పెంచుదాం అన్నాను. ఆయన కళ్ళలో వెలుగొచ్చింది. భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీదా కప్పారు. పాతకాలం సంతల్లో అలాగే ధర తెంచేవారు, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని, పక్కవాడికి తెలియకుండా. ఆయన నా నాలుగు వేళ్ళు పట్టుకున్నారు. నేను రెండు విడిపించాను. ఆయన మూడు పట్టుకున్నారు. తువ్వాలు పైకి నవ్వుతున్నారు గానీ, కింద ఆ చెయ్యి వలలో పడ్డ పిట్టలా కొట్టుకుంటోంది. భార్యకు చూపించని వణుకు నాకు అప్పజెప్పారనిపించింది.

ఒక వంతు వెర్మూత్‌కు మూడు వంతుల జిన్ దగ్గర తెగింది. అక్కణ్ణుంచి పది రోజులకోసారి ఒక మెట్టు దిగాలి. చివరికి ఒక వంతు జిన్, నాలుగు వంతుల వెర్మూత్. గ్లాసుకో ఉసిరికాయ గనక, జాడీలో రోజుకు మూడే తగ్గుతున్నాయో లేదో సుగుణ గారు చూసుకోవాలి. ఇంతకన్నా పకడ్బందీ ఒప్పందం నేను చెయ్యలేదని వార్డులో గొప్పలు చెప్పాను.

ఒప్పందం కుదిరాక రెండో సందర్శన నాటికి ఆ బహుమతి గ్లాసు ఆయన చేతిలోంచి జారి కాడ విరిగింది. సుగుణ గారు గుంటూరు వెళ్ళి కొత్తది తెచ్చారు. గ్లాసు మారితే పద్ధతి చెడుతుందేమోనని, వెతికి వెతికి అదే గరాటు ఆకారంలో తెచ్చారు. నాకు చూపించారు.

“చిన్నదానికి చెప్పిన రేటుకే పెద్దది ఇచ్చాడండీ. వాడితో గంట పోట్లాడాను,” అన్నారు.

“బేరం బాగుంది టీచరుగారూ. మా నాన్న కొట్లో ఉండాల్సినవారు,” అన్నాను.

దేవదానం గారు అది అందుకున్నారు. కొత్త గ్లాసును వెలుగుకు ఎత్తి పట్టుకుని, దూది చూసినట్టు చూసి, ఫ్రిజ్‌లో పెట్టారు.

ఆ తర్వాత అంతా ఒప్పందం ప్రకారమే నడిచింది. వెళ్ళిన ప్రతిసారీ ఆయన నా ముందే కలిపేవారు. వంతు తప్పలేదు. ఖాళీ జిన్ సీసాలు తగ్గాయి. వెర్మూత్ సీసాలు పెరిగాయి, పెరగాలి కూడా, అదే కదా మేమనుకున్నది. జాడీలో ఉసిరికాయలు మూడు చొప్పునే తగ్గాయి. చెయ్యి కూడా నిలకడగా ఉంది. తగ్గించడం వల్లే నిలిచిందని రాసి డాక్టరుగారికి ఇచ్చాను. అంకెలు చూసి ఆవిడ, ఇంత కొద్దిదైతే ఇక ఆపవచ్చని, అండగా తక్కువ మోతాదు మాత్రలు ఇస్తే చాలని నిర్ణయించారు. సంక్రాంతి వెళ్ళాక, మిల్లు జోరు కొంచెం తగ్గిన వారంలో ఆపారు.

మూడో రోజు మధ్యాహ్నం మిల్లులో, దూది బల్ల ముందు నిలబడ్డవారు నిలబడ్డట్టే విరుచుకుపడ్డారు. ఫిట్లు. బేళ్ళు తోసే కూలీలు ఆటోలో వేసుకుని పేటలో ఆస్పత్రికి, అక్కణ్ణుంచి గుంటూరుకు తెచ్చారు.

నేను వెళ్ళేసరికి ఐ.సి.యు.లో మంచానికి కట్టి ఉంచారు. ఒళ్ళు కాలిపోతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎవరినీ గుర్తుపట్టడం లేదు. చేతులు మాత్రం ఆగడం లేదు. కట్టు అందినంత మేర దుప్పటిని గిల్లుతున్నారు. గిల్లింది రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి లాగుతున్నారు, వెలుగు వైపు పట్టి చూస్తున్నారు. విత్‌డ్రాయల్ ముదిరినప్పుడు రోగులు ఇలా గుడ్డలు గిల్లడం మాకు కొత్త కాదు. కానీ ఈయన పని చేస్తున్నారు.

“ఇరవై ఎనిమిది,” అన్నారు. మళ్ళీ గిల్లారు. “తెగుతోంది. తడి దూది. ఈ లాటు వద్దని చెప్పు... వద్దని చెప్పరా!”

సుగుణ గారు ఆ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నారు. “జరుగమ్మా, వెలుగు ఆపుతున్నావు.”

ఇంత కొద్ది తాగే మనిషికి ఇంత తీవ్రంగా ఎలా వచ్చిందని డాక్టరుగారు నన్ను అడిగారు. దొంగచాటుగా తాగి ఉంటాడన్నాను. మా వృత్తిలో చేతికి అందుబాటులో ఉండే జవాబు అదే. ఆ మర్నాడు సాయంకాలం ఆయన పోయారు.

చర్చిలో జ్ఞాపకార్థ కూడిక అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. సుగుణ గారు కాఫీ ఇవ్వలేదు. వంటింటి గట్టు దగ్గరకు పిలిచారు. గట్టు మీద కొత్త గ్లాసు, దాని పక్కన కాడ విరిగిన పాతది ఉన్నాయి. బహుమతి గ్లాసని పారెయ్యలేదట. పాతదాన్ని చేత్తో పట్టుకుని నిండా నీళ్ళు పట్టి కొత్తదాంట్లో పోశారు. మళ్ళీ పట్టి పోశారు. కొత్తది ఇంకా నిండలేదు.

“చూస్తే వేలెడు కూడా ఎత్తు తేడా లేదు,” అన్నారు. “శంకువు ఘనపరిమాణం తొమ్మిదో తరగతికి నేనే చెప్తానండీ. ఏళ్ళ తరబడి చెప్తున్నాను.”

లెక్క నా మనసులో దానంతటదే జరిగిపోయింది. జిన్ తగ్గింది, వెర్మూత్ పెరిగింది, గ్లాసు రెండింతలు దాటింది. మొదటి రోజు ఆయన ఒంట్లోకి ఎంత వెళ్ళిందో, చివరి రోజూ ఇంచుమించు అంతే వెళ్ళింది. ఆ మోతాదు మీద ఉన్న మనిషికి మేం ఒక్కసారిగా ఆపించాం.

“ఆయనకు తెలుసంటారా?” అని అడిగాను.

“పోచ చూసి మిల్లీమీటరు చెప్పే మనిషికి గ్లాసు తేడా తెలీదా?” అన్నారు. పాతదాన్ని కొత్తదాని పక్కన పెట్టి, “నేను తెచ్చాను. ఆయన చూసి ఊరుకున్నారు. మీరు బేరం బాగుందన్నారు,” అన్నారు.

నీళ్ళు సింకులో పారబోసి, రెండు గ్లాసులూ కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టారు. ఇంట్లో ఉంచుకోలేనన్నారు.

డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కేకలెయ్యలేదు. తన లెక్క కాగితం తీసి, కొత్త గ్లాసు కొలతతో మొదటి నుంచి మళ్ళీ వేశారు. వేశాక కలం మూతపెట్టి వార్డులోకి వెళ్ళిపోయారు.

మా నాన్న రోజూ గల్లాపెట్టె దగ్గర ఒక మాట అనేవాడు. “ధర దగ్గర ఓడితే కోలుకోవచ్చురా. కొలత దగ్గర ఓడితే ఓడినట్టు కూడా తెలీదు.” ఆయన ఎదుటే పెరిగిన నేను ధర భాగం ఒక్కటే నేర్చుకున్నాను.

తాగేవాడు లెక్కలో అబద్ధమాడతాడని ఈ వృత్తిలో కొత్తవాళ్ళకు మొదటి రోజే చెబుతారు. దేవదానం గారు ఒక్క అబద్ధమూ ఆడలేదు. మూడు గ్లాసులన్నారు, మూడే తాగారు. రిటైరయ్యేదాకా ఆ రెండు గ్లాసులూ నా బల్ల మీదే ఉండేవి. శిక్షణకు వచ్చినవాళ్ళ చేత ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నీళ్ళు పోయించేవాణ్ణి. ఇంటికి వెళ్తే రోగిని ఎన్ని అని అడగకండి, ముందు ఏ గ్లాసో చూపించమనండి, నీళ్ళు పోసి కొలవండి. వెళ్ళిన ప్రతిసారీ కొలవండి. బేరం ఆ తర్వాత.