ఉప్పు మొదలైన చోటు

మా మొగల్తూరు వైపు ఇప్పుడు ఏ గాలి వీచినా రొయ్యల చెరువు వాసనే. రొయ్యలు పట్టడం అయిపోయి నీళ్లు తోడేశాక అడుగున మిగిలిన నల్లబురద ఎండకి కాగుతుంటే వచ్చే ఆ వాసన, మొన్న పుట్టింటికి వెళ్లి బస్సు దిగగానే గొంతులో పట్టుకుంది. ఊళ్లోవాళ్లకి అది అలవాటే. నాకు మాత్రం ఆరో తరగతి గుర్తొస్తుంది.

అప్పట్లో మా సైన్సు టీచరుగారు శనివారం మధ్యాహ్నం మమ్మల్ని ఇద్దరిద్దరిని జతచేసి, చేతికో చీటీ ఇచ్చి చేలమీదికి వదిలేవారు. చీటీలో ఒక చోటు గుర్తులూ, అక్కడ చూసి చెప్పాల్సిన సంగతీ ఉండేవి. తూము దగ్గర ఏ చేప ఎదురీదుతోంది, గిజిగాడి గూళ్లు తాటాకుకి ఏ వైపున వేలాడుతున్నాయి, గుర్రపుడెక్క వేళ్లలో ఏ పురుగులున్నాయి అని వెతుక్కుంటూ, రెండో పంట దాళ్వా నాట్ల బురదలో మోకాళ్లదాకా దిగబడుతూ, ఆకలేస్తే తంపటేసి కాల్చిన తేగలు చీల్చుకుని లోపలుండే లేత మొవ్వు, చందమామ కోసం పోట్లాడుకుంటూ తిరిగేవాళ్లం.

నా జత నూకరత్నం. వాళ్ల నాన్న సూర్రావు మా పొలం పక్క ఎకరం కౌలుకి చేసేవాడు. ఆ ఏడే మా నాన్నగారు మాగాణి తవ్వించి, బోరు వేయించి, ఉప్పునీళ్లు పెట్టి రొయ్యల చెరువు మొదలుపెట్టారు.

ఆ వారం చీటీలో 'తీపినీరు ఆగి ఉప్పు ఎక్కడ మొదలవుతుందో కనుక్కోండి' అని ఉంది. సముద్రం వైపు చాలా దూరం నడవాలనుకుని, నీళ్లలో వేలు ముంచి నాలిక్కి రాసుకుంటూ బయల్దేరాం. ఊరు దాటకుండానే, మా చెరువుగట్టు వెనక, సూర్రావు చేలోకి పారే బోదెలో ఉప్పు తగిలింది. గట్టు కిందనుంచి నీళ్లు ఊరుతున్నాయి. ఆ పక్క వరి మొనలు ఎర్రబారి ఉన్నాయి.

“ఇక్కడేనే!” అని గెలిచిన సంబరంతో కాగితం మీద గుర్తు పెట్టింది నూకరత్నం.

“అది పెట్టకే. మా చెరువే అది.”

“మరి నిజవే కదా?”

కాగితం లాక్కుని చింపేశాను. సోమవారం టీచరుగారికి దొరకలేదండీ అని చెప్పాను. ఇంట్లో కూడా చెప్పనని నూకరత్నం చేత అప్పటికే ఒట్టు వేయించుకున్నాను.

ఉండబట్టలేక ఇంట్లో చెప్పాను. “బోదెలో నీళ్లు ఉప్పగా ఉన్నాయండి, నాన్నగారూ.”

ఆయన చేస్తున్న పని ఆపి, “ఎవరితోనైనా అన్నావా?” అన్నారు. లేదన్నాను. “అనకు” అన్నారు.

వారం తర్వాత సూర్రావు వచ్చి మా అరుగు కింద నిలబడ్డాడు. “చేను ఎర్రబారిపోతోందండి, ఏ తెగులో తెలవట్లేదండి.”

“మందు కొట్టి చూడరా” అన్నారు నాన్నగారు.

తలుపు వెనక నిలబడి విన్నాను. ఆ మనిషి, వీపున మందు డబ్బాతో వంగి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని, లేని తెగులుకి రెండుసార్లు మందు కొట్టాడు. బడికి వెళ్తూ, వస్తూ చూశాను. ఒక్కమాట చెబితే సరిపోయేది, చెప్పలేదు.

చేను గింజ పట్టలేదు. వేసవిలో వాళ్లు కొవ్వూరు వైపు ఇటుకబట్టీల్లో పనికి వెళ్లిపోయారు. నూకరత్నం మళ్లీ కనపడలేదు.

మొన్న మా అమ్మాయి స్కూలువాళ్లిచ్చిన ఆటొకటి ఫోన్లో ఆడుతూ ఊరంతా తిరిగింది. ఫలానా చోటికి వెళ్లగానే ఫోను మోగి ప్రశ్న అడుగుతుందట. నన్నూ మా చెరువు వెనక గట్టుమీదికి లాక్కెళ్లింది. “అమ్మా, ఇక్కడ ఇదివరకు ఏముండేదో పెద్దవాళ్లని అడగమంటోంది.”

కనుచూపుమేర చెరువులే. బోదె పూడ్చేశారు. తాటిచెట్లు కొట్టేశారు, గిజిగాళ్లూ పోయాయి.

“సూర్రావుగారి చేను” అన్నాను. ఆయన్ని గారు అనడం అదే మొదలు. తర్వాత మిగిలిందంతా, చింపిన కాగితంతో సహా, దానికి చెప్పాను. మా నాన్నగారంటే దానికి ప్రాణం. అంతా వింది.

“ఈ జవాబు గడిలో ఒక్క మాటే పడుతుందమ్మా” అంది చివరికి. 'వరి' అని కొట్టింది. “కరెక్టేనంట” అంది, నా మొహం చూడకుండా.