సొరుగు మీది చీటీలు

మా సందు చివర హార్డ్‌వేర్ షాపాయన ఎవరి మాటనీ సరిదిద్దడు. ఒకే కుళాయిని ఒకింటివాళ్ళు ట్యాప్ అంటారు, పక్కింటివాళ్ళు ఫాసెట్ అంటారు. పుట్టిన ఊళ్ళు వేరు మరి. ఎవరేమన్నా ఆయన అదే మాటతో బదులిచ్చి, ఆ మాటని చీటీ మీద రాసి సొరుగుకి అంటిస్తాడు. బట్టలారేసే క్లిప్పుల సొరుగుకి మూడు చీటీలున్నాయి. వాటిని పెగ్స్ అనేవాళ్ళు చొక్కాని తలకిందులుగా ఆరేస్తారనీ, క్లిప్పులనేవాళ్ళు భుజాల దగ్గర బిగిస్తారనీ కూడా ఆయనకి తెలుసు. ఆ బట్టతలలో ఇన్ని కాపరాలు ఎలా పట్టాయో!

ట్యాప్ సామాను సొరుగు మీద 'స్పిగాట్' అని ఒక చీటీ. ఆ మాట వాడేది మా సందులోని కుట్టుమిషను ముసలమ్మ ఒక్కతే. ఆవిడ చనిపోయిన నెలకి, షాపాయన కోడలు సొరుగులు తుడుస్తూ దాన్ని గోటితో పీకబోయింది. "ఇంకెవరడుగుతారు మామయ్యా?" "ఉండనీ అమ్మా. అదేమైనా అన్నం పెట్టమంటోందా?" అన్నాడాయన. మొన్న ఒకమ్మాయి అరిగిన వాషరొకటి పట్టుకొచ్చింది. "కుట్టుమిషను మామ్మగారి మనవరాలినండీ. పెరట్లో స్పిగాట్ కారుతోంది" అని, నాలుక్కరుచుకుని, "అదే, ట్యాప్" అంది. "స్పిగాటేనమ్మా" అని ఆయన ఆ సొరుగు లాగి ముందు పెట్టాడు. చీటీ చూసి ఆ పిల్ల వాషర్ సంగతే మర్చిపోయింది. "మా మామ్మ మాట!" అంది. ఆమె వెళ్ళాక కోడలు ఆ సొరుగు దగ్గరికి వచ్చింది. ఆనాడు తన గోటితో లేచిన చీటీ అంచుని బొటనవేలితో అదిమి, అది అతుక్కునేదాకా అలాగే నిలబడింది.