పాలగుండలో లేనిది

సుగుణమ్మ గారు పోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది సుక్రి. కొండ మీది నుంచి అడ్డాకులు, కుంకుళ్ళు తెచ్చి మా ఇంట్లో వేసే మనిషి. ఆ రోజు దారిలో రాయి తగిలి కాలు కోసుకుని వచ్చింది. అరుగు మీద కూర్చోబెట్టి, గాయం కడిగి, టింక్చర్ అయోడిన్ అద్దుతున్నాను. మంటకి కాలు వెనక్కి లాక్కుంటూ, "అమ్మా, ఎనకటికి ఆస్పత్రి బంగళాలో సీసాలమ్మ ఉండీది కాదేటి? పోనాదంట. సంతలో అనుకుంటన్నారు" అంది. నా చేతిలో దూది అలాగే ఉండిపోయింది. ఆ మందు ఘాటు ముక్కుకి తగులుతూనే ఉంది. అది గాయాల మందని అందరికీ తెలుసు. నాకు మాత్రం ఆ వాసన వస్తే ఒక పెరటి వసారా, వరసగా పెట్టిన గాజు గొట్టాలు, వాటి వెనక నవ్వే ఒక పెద్ద మొహం కనిపిస్తాయి. సుక్రి వెళ్ళాక దేవుడి గదిలో కూర్చున్నాను. ఆవిడది మా మతం కాదు. అయినా ఆవిడ పేరు చెప్పి రాముడికి దణ్ణం పెట్టాను. ఆయన ఏమీ అనుకోడని నా నమ్మకం.

ఇది పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. మా అత్తవారిది సాలూరు. మామగారి హయాంలోనే కొండెక్కి అరకు లోయలో కొట్టు పెట్టారు. పసుపు, చింతపండు, అడ్డాకులు, పాలగుండ సంతలో కొని, బండ్ల మీద ఘాటీ దించి సాలూరు చేర్చేవారు. నేను కోడలిగా వచ్చేటప్పటికి మామగారు లేరు. మా వారు నెలలో సగం రోజులు బండ్ల వెంటే. ఇంట్లో నేను, అత్తగారు. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. మా నాన్నగారు ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, భక్తి పుస్తకాలు చదవడం నేర్పారు. లోకం గురించి నాకు తెలిసిందల్లా ఆ పుస్తకాల్లో ఉన్నదే.

పాలగుండ అంటే ఈ కాలం వాళ్ళకి చెప్పాలేమో. కొండల్లో దొరికే ఒక దుంపని తవ్వి, రాతి మీద అరగదీసి, నీళ్ళలో కలిపి, వడగట్టి, మళ్ళీ మళ్ళీ తేర్చితే అడుగున తెల్లటి పిండి మిగులుతుంది. దాన్ని ఎండబెడతారు. గంజి కాస్తే అద్దంలా నిగనిగలాడుతుంది. చంటిపిల్లలకి విరేచనాలు పట్టుకుంటే కొండవాళ్ళయినా మైదానం వాళ్ళయినా మొదట వెతికేది దాన్నే. మేలైన పాలగుండ అంటే మా కొట్టుదే. అత్తగారికి ఆ మాట వింటే ఒళ్ళు పొంగిపోయేది.

నా పెద్ద కొడుకు పుట్టిన కొన్నాళ్ళకి నాకు మన్నెం జ్వరం పట్టుకుంది. పాలు ఎండిపోయాయి. సాలూరు నుంచి తోలుకొచ్చిన ఆవు కొండ చలికి నిలవలేదు. కొండవాళ్ళని పాలు అడిగితే, ఆవు పాలు దూడవి కదా, మనమెలా తీసుకుంటామని ఆశ్చర్యపోయేవారు. పిల్లాడికి విరేచనాలు మొదలయ్యాయి. అత్తగారు పాలగుండ గంజి పట్టారు. కట్టాయి. అంతే, ఇంక ఆ గంజిని వదల్లేదు. ఏడాది నిండేసరికి బుగ్గలు ఉబ్బి, కాళ్ళు చేతులు నిండుగా బొద్దుగా తయారయ్యాడు. సంతకొచ్చిన ఆడవాళ్ళు చూసి మురిసిపోయేవారు. అత్తగారు రోజూ దిష్టి తీసేవారు. జుట్టు పలచబడి రాగిరంగు తిరుగుతోందని నేనంటే, "మీ పుట్టింటి జుట్టే అంత" అనేవారు. కూర్చోబెట్టిన చోటే కూర్చునేవాడు. ఏడవడు, నవ్వడు, దేనికీ చెయ్యి చాపడు. బుద్ధిమంతుడు పుట్టాడనుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ రోజుల్లో సర్కారు ఆస్పత్రికి కొత్త డాక్టరు వచ్చారు. ఆయన భార్య సుగుణమ్మ గారు. క్రైస్తవులు, సముద్రం వైపు వాళ్ళు. మద్రాసు కాలేజీలో రసాయన శాస్త్రం చదివారని చెప్పుకునేవారు. పొడుగ్గా, లావుగా, గట్టిగా నవ్వుతూ ఉండే మనిషి. ఆదివారం పూట ఆవిడ పాడే కీర్తన బజారు దాకా వినిపించేది. శ్రుతి మాత్రం ఎక్కడా కలిసేది కాదు. ఒకనాడు మైలుతుత్తం కావాలని మా కొట్టుకి వచ్చారు. బస్తాకి ఆనించి కూర్చోబెట్టిన పిల్లాణ్ణి చూసి, వంగి, పాదం మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీశారు. తడి మట్టి మీద నొక్కినట్టు గుంట పడింది. అది పూడలేదు.

"ఏం పెడుతున్నారమ్మా వీడికి?"

"పాలగుండ గంజేనండి."

"ఇంకేం?"

"ఇంకేటి పెడతారు ఏడాది గుంటడికి?" అని లోపలి నుంచి అత్తగారు అందుకున్నారు. "చూడండి ఎలాగున్నాడో, వెన్నముద్దలాగ!"

సుగుణమ్మ గారు నవ్వలేదు. "పెద్దమ్మగారూ, ఇది కండ కాదు, నీరు. పిల్లాడు ఒంట్లో కరిగిపోతున్నాడు, పైన నీరు కప్పేసింది. ఇలా వదిలేస్తే దక్కడు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "రేపు పగలు మా పెరట్లోకి రా. కొట్లోంచి గుప్పెడు పాలగుండ, గుప్పెడు కందిపప్పు తీసుకురా. నువ్వు నా మాట నమ్మక్కర్లేదు, నీ కళ్ళని నమ్ముదువు గాని" అన్నారు.

ఆవిడ వెళ్ళాక అత్తగారు గుమ్మంలో పసుపునీళ్ళు చల్లారు. నేను మాత్రం రాత్రంతా పాదం మీద పడ్డ ఆ గుంటే తలుచుకున్నాను. పొద్దున్నే కొంగున రెండూ మూటకట్టుకుని వెళ్ళాను.

వసారాలో ఒక బల్ల, దాని మీద గాజు గొట్టాలు. కాచిన పాలగుండ గంజి ఒక గొట్టంలో పోసి, ఒక్క చుక్క అయోడిన్ వేశారు. తెల్లటి గంజి మబ్బు పట్టినట్టు నల్లటి నీలమైపోయింది. నేను ఉలిక్కిపడ్డాను. "ఇది పిండి ఉందని చెప్పే రంగు. అన్నంలోనూ ఇంతే" అన్నారు. తర్వాత కోడిగుడ్డు తెల్లసొన నీళ్ళలో కలిపి తెచ్చారు. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. "తినమనడం లేదు తల్లీ, చూడమంటున్నాను." కాస్టిక్ సోడా నీళ్ళు పోసి, మైలుతుత్తం నీళ్ళు చుక్కలుగా వేస్తే చక్కటి ఊదారంగు తేలింది. కందిపప్పు రుబ్బి తేర్చిన నీళ్ళకీ అదే ఊదా. పాలగుండకి అదే చేస్తే ఊదా ఛాయైనా రాలేదు, వట్టి మైలుతుత్తం నీలంగానే ఉండిపోయింది.

"ఊదా రంగు వస్తే ప్రోటీను ఉన్నట్టు. ఒంట్లో కండ, రక్తం, జుట్టు, గోరు అన్నీ దాంతోనే కట్టాలి. మీ పాలగుండలో అది లేదు. ఎన్నిసార్లు కడుగుతారూ? అంతగా తేర్చింది కదా, వట్టి పిండే మిగిలింది."

నాకు అర్థం కాలేదన్నది మొహంలో కనిపించినట్టుంది. "రోజూ దేవుడికి దండలు గుచ్చుతావా?" అని అడిగారు. గుచ్చుతానన్నాను. "ఏం పూలతో?" నందివర్ధనాలు దొరికితే అవే గుచ్చుతాను, పండగైతే మరువం, దవనం, కనకాంబరాలు, మల్లెలు కలిపి కదంబం కడతానన్నాను. ఆవిడ బల్ల మీద చరిచారు. "అదీ! పిండి అంటే ఒక్క నందివర్ధనాల దండ. పొడుగాటి దండ, కానీ అంతా ఒకే పువ్వు, చక్కెర పువ్వు. ప్రోటీను కదంబం. అందులో ఇరవై రకాల దాకా ఉంటాయి. మనం తిన్న దండని కడుపు అలాగే వాడుకోదు. దారం తెంపి, పువ్వు పువ్వూ విడదీసి, తన దండ తను కట్టుకుంటుంది. ఇప్పుడు చెప్పు, నీకు బుట్టెడు నందివర్ధనాలే ఇచ్చి కదంబం కట్టమంటే?"

"ఎక్కడి నుంచి కడతానండీ?" అన్నాను. అన్నాక నా కొడుకు జుట్టు, వాడి నవ్వని మొహం కళ్ళ ముందు మెదిలాయి.

"మరి నెయ్యో?" అని అడిగాను. "దాని తీరు వేరు, అది దండ కాదు. ఒంట్లో నిప్పుకి మంచిది, ఒళ్ళు కట్టడానికి పనికిరాదు" అన్నారు. ఆ వెంటనే ఆవిడ చెప్పిన మాట నేను ఎప్పుడూ మరిచిపోలేదు. "ఇదంతా నిజంగా అంత పొడుగు దండేనా, లేక చిన్న చిన్న పూలు ఊరికే కుప్పగా అంటుకుని ఉంటాయా అని పెద్ద పెద్దవాళ్ళు ఇంకా కొట్టుకుంటున్నారు. నేను దండే అనుకుంటాను. తెలుసునని చెప్పను." అంత చదువుకున్న మనిషి నా ఎదుట తెలియదు అనగలగడం చూసి, ఆవిడ తెలుసునన్న మాటల మీద నాకు గురి కుదిరింది.

గుడ్డు మా ఇంట్లోకి ఎలాగూ రాదు. ఆవిడ దాని పేరు మళ్ళీ ఎత్తలేదు. "పప్పు మీ కొట్లోనే ఉంది. వేయించి మెత్తగా విసురు. దానికి జతగా చోళ్ళు, అవే రాగులు, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి చెయ్యి. రెండూ కలిపి జావ కాచు. నీ కుండ, నీ పొయ్యి, నీ మడి. నేను గడప దాటను" అన్నారు.

గొడవ చోళ్ళ దగ్గర వచ్చింది. మా వైపు కొండవాళ్ళు మొలకెత్తిన చోళ్ళు వేసి లంద అనే కల్లు పులియబెడతారు. తడిగుడ్డలో కట్టిన చోళ్ళకి తెల్లటి మొలకలు రావడం చూసి అత్తగారు కేకలు వేశారు. "ఏటే, కోమటింట్లో లంద కాసీ దానివైపోనావా? ఆ కిరస్తానపామె నా మనవడికి కల్లు పట్టమందేటి?"

ఆ కేకలు విని కాబోలు సుగుణమ్మ గారే వచ్చి వీధి అరుగు మీద నిలబడ్డారు. "పెద్దమ్మగారూ, మీ చేత్తోనే గోరువెచ్చటి పాలగుండ గంజి, చెంచా నిలబడేంత చిక్కగా తెండి. నీళ్ళు చుక్క పొయ్యకుండా దాన్ని పలచన చేస్తాను. ఓడిపోతే నేను మళ్ళీ మీ గుమ్మం తొక్కను" అన్నారు. ఆ పందెం అత్తగారికి నచ్చింది. తెచ్చారు. తను తెచ్చిన, వేయించని మొలక పిండి చిటికెడు వేసి కలపమన్నారు. ఇద్దరూ గిన్నె వంక చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి చెంచా వాలిపోయింది. ఇంకాసేపటికి గంజి మజ్జిగలా జారింది. అయోడిన్ చుక్క వేస్తే నీలం రాలేదు, ఎర్రటి ఛాయ వచ్చి పోయింది.

"మొలక ఆ దండని తెంపేస్తోంది. మన నోట్లో ఉమ్మీ ఇదే పని చేస్తుంది. పులిస్తేనే కల్లు. పులవకుండా అప్పటికప్పుడు కాస్తే కడుపు పని సగం తేలిక చేసిన జావ. గొంతు పట్టకుండా దిగుతుంది, పలచన చెయ్యడానికి నీళ్ళు పొయ్యక్కర్లేదు."

అత్తగారు గిన్నె అటూ ఇటూ వంచి చూశారు. "మాయల మనిషివే తల్లీ నువ్వు" అని లోపలికి వెళ్ళారు. ఒప్పుకున్నట్టే.

జావ మొదలుపెట్టాం. మొదట చెంచాడు, తర్వాత రెండు. అసలు పరీక్ష అప్పుడు వచ్చింది. పిల్లాడు లావెక్కడం మాట అటుంచి, రోజురోజుకీ దిగిపోయాడు. బుగ్గలు పీక్కుపోయాయి. పక్కటెముకలు బయటపడ్డాయి. కాళ్ళు పుల్లల్లా అయ్యాయి. సంతలో మురిసిన ఆడవాళ్ళే నోట కొంగు పెట్టుకున్నారు. అత్తగారు వాణ్ణి ఒళ్ళో వేసుకుని శోకం తీశారు. "వెన్నముద్దలాటి గుంటణ్ణి ఎండగట్టీసినారు! బేగి పాలగుండ కాయి, ఈ జావ పారబొయ్యి!" మా వారు సాలూరులో ఉన్నారు. అడిగేందుకు ఎవరూ లేరు. పొయ్యి మీద ఒక పక్క జావ, ఒక పక్క అత్తగారు పెట్టిన గంజి. ఏది తియ్యాలో తెలియక దేవుడి గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. బయటికొచ్చి, పిల్లాణ్ణి చంకనేసుకుని ఆస్పత్రి బంగళాకి నడిచాను.

సుగుణమ్మ గారు వాణ్ణి చూశారు. పాదం మీద బొటనవేలితో నొక్కారు. తీశారు. గుంట పడలేదు.

"నీరు పోయింది. ఇదీ వాడి అసలు ఒళ్ళు. ఇన్నాళ్ళూ దీన్నే నువ్వు చూడలేకపోయావు."

"బతుకుతాడా అమ్మగారూ?"

ఆవిడ వాడి పాదాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. "బతకాలి. కట్టడం మొదలయిందని నేను నమ్ముతున్నాను. అంతకన్నా పెద్ద మాట చెబితే అబద్ధమవుతుంది. జావ ఆపకు తల్లీ. నువ్వు మీ రాముణ్ణి అడుగు, నేను మా ప్రభువుని అడుగుతాను. ఇద్దరిలో ఎవరు వింటే వాళ్ళకే పుణ్యం." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. అప్పుడు తెలిసింది, ఆ భయం నా ఒక్కదానిదే కాదని.

ఇంటికొచ్చి గంజి దించేశాను. అత్తగారికి ఎదురు చెప్పడం నా జీవితంలో అదే మొదలు. "ఇంక కొన్నాళ్ళు నా మాట మీద వదిలెయ్యండి అత్తయ్యా" అన్నాను. ఆవిడ నాతో మాట్లాడటం మానేశారు. అయినా జావకి పప్పు విసిరేది ఆవిడే. చెయ్యి ఊరుకోదు కదా.

ఒక మధ్యాహ్నం నేను బావి దగ్గర ఉన్నాను. ఇంట్లోంచి పిల్లాడి ఏడుపు వినిపించింది. నెలల తరబడి వినని ఏడుపు, గొంతు చించుకుని, కోపంగా. బిందె వదిలి పరుగెత్తాను. అత్తగారు చేతిలో జావ గిన్నెతో నిలబడి ఉన్నారు. వాడు ఆవిడ చీర కుచ్చెళ్ళు పట్టుకుని, గిన్నె కేసి చెయ్యి చాపి ఏడుస్తున్నాడు. "ఆకలేసిందే వీడికి!" అని ఆవిడ నవ్వుతూ, ఏడుస్తూ కూలబడిపోయారు. "చాల్లేదే గుంటడికి, ఇంకా కావాలంటన్నాడే!" ఆ సాయంత్రం అత్తగారు తన చేత్తో చోళ్ళు కడిగి నానబోశారు. కొట్టుకి పాలగుండ కోసం వచ్చిన ప్రతి తల్లికీ ఆనాటి నుంచి పప్పు కూడా పెట్టమని చెప్పి పంపేవారు.

మరుసటి ఏడే డాక్టరుగారికి బదిలీ అయింది. వెళ్ళే రోజు ఆవిడ వీధి అరుగు మీదే నిలబడి సెలవు తీసుకున్నారు. అత్తగారు లోపలికి రమ్మన్నారు. "మీరు పిలిచారు, చాలు" అని నవ్వి బండెక్కారు. ఆ తర్వాత నేను ఆవిణ్ణి చూడలేదు.

ఆవిడ నాకు ఇచ్చినది ఇంకా నాతోనే ఉంది. మొలకెత్తే గింజలోనూ, పసివాడి ఒంట్లోనూ జరిగే పనిని చూస్తే నాకు దేవుడి మీద భక్తి తగ్గలేదు, పెరిగింది. ఆయన పని ఎంత ఓపికైనదో ఆవిడే చూపించారు. తెలిసింది తెలిసినంతే చెప్పాలని, తెలియని చోట ఆగి పక్కన నిలబడాలని కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

నా కొడుకు ఇప్పుడు నడివయసు మనిషి. సుక్రి చెప్పిన కబురు వాడికి చెప్పాను. "ఎవరమ్మా ఆవిడ?" అన్నాడు. వాడి తప్పు లేదు, అది జ్ఞాపకం ఉండే వయసు కాదు, నేనూ ఎప్పుడూ చెప్పింది లేదు. తను బతికించిన వాడికి ఆవిడ మొహం కూడా తెలియదు. అందుకే ఇది రాశాను. చదివిన మీరు, వాడి బదులుగా, ఒక్కసారి సుగుణమ్మ గారిని తలుచుకోండి.